ఉత్తుత్తి న్యూబెరీ: ఓట్లు వేసే ముందు

1922 నుంచి అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇస్తున్న న్యూబెరీ మెడల్‌ను సాధారణంగా జనవరిలో ప్రకటిస్తారు. ఆలోపే కొత్త పుస్తకాలు చదివి, తామే ఓట్లేసి విజేతను ఎంచుకునే బృందాలు అక్కడి లైబ్రరీల్లో ఉంటాయి. ఇదే ఉత్తుత్తి న్యూబెరీ.

ముందు జల్లెడ పట్టాలి. పుస్తకం ఆ ఏడాదే అమెరికాలో ఇంగ్లీషులో వచ్చిందా? రచయిత అక్కడి పౌరుడో, నివాసో అయి ఉన్నారా? 14 ఏళ్ల వరకు వయసున్న పిల్లలకు తగినదేనా? ఇది మరిస్తే, నెలల తరబడి అందరూ మెచ్చుకున్న బ్రిటన్ నవలను చివర్లో పక్కన పెట్టాలి. ప్రాణం ఉసూరుమంటుంది.

చర్చలో "బాగుంది" అంటే చాలదు. "82వ పేజీలో తమ్ముడు తలుపేసుకున్నాక కథ నడక మందగించింది" అనాలి. అందుకే చదివేటప్పుడే పేజీల్లో చీటీలు పెట్టుకోవాలి. "మంచి నీతి ఉంది" అన్న వాదన చెల్లదు. నీతికీ, ఆదరణకూ ఈ మెడల్ ఇవ్వరని నియమాల్లోనే ఉంది.

మెడల్ ఇచ్చే అసలు కమిటీలో 15 మంది. ఒక్కొక్కరు మూడు పుస్తకాలకు 4, 3, 2 పాయింట్లిస్తారు. గెలవాలంటే కనీసం 8 మొదటి స్థానం ఓట్లు, రెండో పుస్తకంపై 8 పాయింట్ల ఆధిక్యం కావాలి. తొమ్మిది మందే ఉంటే రెండింటినీ 5కి దించండి. ఆధిక్యం రాకపోతే మళ్లీ చర్చించి, మళ్లీ ఓటేయాలి. చేతులెత్తించడం మాత్రం వద్దు. పక్కవాళ్లను చూసి మనసు మార్చుకుంటారు.