మాట వినిపిస్తుంది, బొమ్మ రాదు: పాత ల్యాప్‌టాప్‌లో వీడియోలు ఆడించిన తీరు

నా చేతికి వచ్చిన ల్యాప్‌టాప్‌ మూడో తరం ఐ5. ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్, 4 జీబీ ర్యామ్, విండోస్ 10, క్రోమ్. కంప్లయింట్ మాత్రం ఒక్క ముక్కే: "వీడియోలు రావట్లేదు." కూర్చుని చూస్తే అవి మూడు వేర్వేరు జబ్బులు. యూట్యూబ్‌లో బొమ్మ ఆగి ఆగి నడుస్తోంది. అమెరికా నుంచి మనవడి వీడియో అంటూ వచ్చిన లింకు తెరిస్తే మాటలు వినిపిస్తున్నాయి, తెర నల్లగా ఉంటోంది. ఒక కాలేజీ సైటులో పాఠం మీద నొక్కితే ఎర్రర్.

ఇలాంటప్పుడు అందరూ ముందుగా చెప్పేది బ్రౌజర్ దాచిపెట్టుకునే క్యాష్ (పాత పేజీల ముక్కలు), కుకీలు (సైట్ల గుర్తులు) తుడిచెయ్యమని. నేను ఆ జోలికి పోను. తుడిస్తే అన్ని సైట్లలోంచీ లాగౌట్ అయిపోతాం, పాస్‌వర్డులు గుర్తులేని ఇంట్లో అదో కొత్త తలనొప్పి. దాని బదులు కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటో కిటికీలో అదే వీడియో పెట్టి చూస్తాను. అక్కడ పాత క్యాష్ ఉండదు, పాత కుకీలు ఉండవు, మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) కూడా పనిచెయ్యవు. అక్కడ ఆడితే దొంగ ఆ మూడింట్లోనే ఉన్నట్టు. యాడ్ బ్లాకర్‌తో మొదలుపెట్టి ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే దొరికిపోతుంది. ఇక్కడ ఏ తేడా రాలేదు, కాబట్టి మూడింటినీ వదిలేశాను.

యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేస్తే అన్నిటికంటే కింద "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" ఉంటుంది. అందులో మూడు వరుసలు చూస్తే చాలు. "బఫర్ హెల్త్" అంటే ముందుగా దించిపెట్టుకున్న వీడియో ఎన్ని సెకన్లకు సరిపోతుందో ఆ లెక్క. అది సున్నా దగ్గర ఊగుతుంటే తప్పు నెట్‌ది. ఇక్కడ 20 సెకన్ల పైనే ఉంది, కాబట్టి నెట్ బాగానే ఉంది. "ఫ్రేమ్స్" వరుసలో "డ్రాప్డ్" అంకె, అంటే చూపించలేక వదిలేసిన బొమ్మల లెక్క, మాత్రం చూస్తుండగానే వందల్లో పెరుగుతోంది. "కోడెక్స్" అంటే వీడియోను కుదించి, మళ్లీ విప్పే పద్ధతులు; వీపీ9, ఏవీ1, హెచ్.264 అలాంటివే. అక్కడ వీపీ09, అంటే వీపీ9, అని ఉంది. విషయం అక్కడే తేలిపోయింది: హెచ్‌డీ 4000 చిప్‌లో హెచ్.264ను విప్పే ఏర్పాటు ఉంది, వీపీ9కి గానీ ఏవీ1కి గానీ లేదు. ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడుతోంది.

ఇలాంటి మిషన్లకు హెచ్264ఇఫై రకం ఎక్స్‌టెన్షన్ వేస్తే, ఈ బ్రౌజర్‌కు వీపీ9 రాదని యూట్యూబ్‌కు చెప్పి హెచ్.264నే తెప్పిస్తుంది. పేజీ రీలోడ్ చేశాక కోడెక్స్ వరుసలో ఏవీసీ1 (హెచ్.264కే ఇంకో పేరు) అని కనబడాలి. యూట్యూబ్‌లో హెచ్.264 గరిష్ఠంగా 1080పీ వరకే దొరుకుతుంది. ఈ తెరకు అది ఎక్కువే.

ఏవీసీ1 వచ్చింది, అయినా ప్రాసెసర్ వాడకం దిగలేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ దగ్గరికి వెళ్తే గ్రాఫిక్స్ యాక్సిలరేషన్, అంటే వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే ఏర్పాటు, ఆపేసి ఉంది. తెర నల్లబడితే దాన్ని ఆపెయ్యమనే సలహా బాగా తిరుగుతోంది, ఎవరో అదే పాటించారు. నా లెక్కలో అది పరీక్షే గానీ మందు కాదు. ఆపినప్పుడు బొమ్మ వస్తే తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది (ఆ చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌ది) అని తెలుస్తుంది. డ్రైవర్ అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేసి, క్రోమ్ రీలాంచ్ చెయ్యాలి. అలాగే చేశాను. డ్రాప్డ్ ఫ్రేమ్స్ పెరగడం ఆగింది.

మనవడి వీడియో కథ వేరు. ఐఫోన్‌లో కెమెరా ఫార్మాట్ "హై ఎఫిషియెన్సీ"లో ఉంటే వీడియో హెచ్‌ఈవీసీ అనే ఇంకో కోడెక్‌లో రికార్డవుతుంది. క్రోమ్ 107 నుంచి హెచ్‌ఈవీసీని ఆడిస్తుంది గానీ, గ్రాఫిక్స్ చిప్‌కు దాన్ని విప్పడం వచ్చి ఉంటేనే. హెచ్‌డీ 4000కు రాదు. శబ్దం వేరే కోడెక్‌లో ఉంటుంది కాబట్టి అది మామూలుగా వినిపిస్తుంది. బ్రౌజర్‌లో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. ఫైలు దించుకుని వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో తెరిస్తే ఆడుతుంది, 4కే అయితే ఈ ప్రాసెసర్ కాస్త నీరసిస్తుంది. ఇకముందు ఈ బాధ లేకుండా ఉండాలంటే పంపేవాళ్లు ఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి "మోస్ట్ కంపాటిబుల్" పెట్టుకోవాలి. అప్పటికే తీసినవి మాత్రం మారవు.

కాలేజీ సైటు ప్లేయర్ "కోడ్ 4" అని చూపించింది. బ్రౌజర్ ఇచ్చే ఈ అంకెల్లో 2 అంటే మధ్యలో నెట్ తెగింది, 3 అంటే ఫైలు వచ్చింది గానీ విప్పలేకపోయింది, 4 అంటే ఇచ్చిన చోట ఆడించదగ్గ వీడియోనే దొరకలేదు. ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో మీడియా ఎంచుకుని పేజీ రీలోడ్ చేశాను. అక్కడ 206 కనబడితే కంగారు వద్దు, వీడియో ముక్కలుగా వస్తోందని అర్థం. 403 అయితే లింకు గడువో, లాగినో చూసుకోవాలి. ఇక్కడ ఏ అంకె లేదు, "ఫెయిల్డ్" అని ఉంది. పక్కనే ఉండే కన్సోల్ ట్యాబ్‌లో మిక్స్‌డ్ కంటెంట్ (భద్రమైన పేజీలో భద్రత లేని లింకు) హెచ్చరిక. పేజీ హెచ్‌టీటీపీఎస్, లోపలి వీడియో లింకు పాత హెచ్‌టీటీపీ. క్రోమ్ 80 నుంచి ఇలాంటి వీడియో లింకును తనే హెచ్‌టీటీపీఎస్‌గా మార్చి అడుగుతుంది. ఆ వీడియో సర్వర్‌లో హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్ లేదు, అందుకే జవాబు రాలేదు.

దీన్ని సరిచెయ్యాల్సింది సైటువాళ్లే. ఈలోగా పాఠం చూడాలంటే అడ్రస్‌కు ఎడమవైపు గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో "ఇన్‌సెక్యూర్ కంటెంట్"ను ఆ ఒక్క సైటుకు అలౌ చెయ్యొచ్చు. పాఠం అయ్యాక తీసెయ్యాలి.

అదే సైటులో రెండు పాత పాఠాల దగ్గర వట్టి బూడిదరంగు డబ్బా కనబడుతోంది. అవి ఫ్లాష్ అనే పాత పద్ధతిలో చేసిన ఫైళ్లు. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరే వాటిని ఆడించడం మానేసింది. ఎంపీ4గా మార్చి పెట్టమని మెయిల్ రాయించాను.