వెనకవైపు ఫొటో పంపుతారా?

నేను పోకెమాన్ లాంటి ఆట కార్డులు సేకరిస్తాను. వాటిని అమ్మేవాళ్లకు నేను పంపే మొదటి మెసేజ్ ఇదే: "వెనకవైపు ఫొటో పంపుతారా? స్లీవ్‌లోంచి బయటికి తీసి, లైటు పక్కనుంచి పడేలా తీయండి." కొందరు వెంటనే పంపుతారు. కొందరు "కండిషన్ రాశాను కదండీ" అని విసుక్కుంటారు. కొందరు మళ్లీ జవాబే ఇవ్వరు. ఈ మూడో రకం వాళ్ల వల్ల నాకు మిగిలిన డబ్బు తక్కువేమీ కాదు.

ఈ పట్టింపు ఎందుకో పోకెమాన్ కార్డులు పోగేసేవాళ్లకు తెలిసే ఉంటుంది. పాత కార్డుల్లో ముందువైపు అంచు పసుపు. మూల అరిగి లోపలి తెల్ల అట్ట బయటపడినా ఆ పసుపులో కలిసిపోతుంది. వెనక ముదురు నీలం, అక్కడ ఆవగింజంత అరుగుదల కూడా దాగదు. దీన్నే వైటెనింగ్ అంటాం. హోలో, అంటే బొమ్మ మెరిసే కార్డులదైతే ఇంకో తిప్పలు. స్కానర్ మీద పెట్టి తీసిన బొమ్మలో మెరిసే భాగం మీది గీతలు దాదాపు కనిపించవు. కార్డు చేతికొచ్చాక కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే ఒక్కొక్కటే బయటపడతాయి. "నియర్ మింట్" (దాదాపు కొత్తదే) అని ఎవరైనా రాయొచ్చు, దానికి లైసెన్సు అక్కర్లేదు. తొలిరోజుల్లో నేను ఆ రెండు ముక్కలు చదివి, బొమ్మ చూసి డబ్బు పంపేసేవాణ్ణి. అలా వచ్చిన కార్డులు ఒక బైండర్‌లో విడిగా పెట్టాను. అమ్మలేదు. కొత్తది ఏదైనా కొనేముందు వాటిని తీసి పక్కన పెట్టుకుని చూస్తుంటాను.

వాటిలో నాకు ఎక్కువ నేర్పింది బ్లాస్టాయిస్ అనే పోకెమాన్ కార్డు. ఇంగ్లిష్‌లో పోకెమాన్ తొలి సెట్ అయిన బేస్ సెట్‌ను 1999లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే కంపెనీ విడుదల చేసింది. మొత్తం 102 కార్డులు. ముందు వచ్చిన ఫస్ట్ ఎడిషన్‌లో బొమ్మ కింద ఎడమవైపు చిన్న నల్ల ముద్ర ఉంటుంది. తర్వాత ఆ ముద్ర లేకుండా కొన్ని వచ్చాయి. బొమ్మ ఫ్రేముకు కుడిపక్క నీడ ఉండదు కాబట్టి వాటిని షాడోలెస్ అంటారు. ఆపైన నీడ చేర్చి కుప్పలుతెప్పలుగా వేసినవి అన్‌లిమిటెడ్. మూడిటికీ ధరలో చాలా తేడా. నేను కొన్న బ్లాస్టాయిస్ లిస్టింగ్‌లో "1999, బేస్ సెట్, ఒరిజినల్" అని ఉంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. షాడోలెస్ అని ఎవరూ అనలేదు, ధర చూసి నేనే అనేసుకున్నాను. వచ్చింది అన్‌లిమిటెడ్.

కార్డు అడుగున సన్నటి అక్షరాల్లో కాపీరైట్ గీత ఉంటుంది. షాడోలెస్‌లో నింటెండో పేరుకు ముందు 1995, 96, 98, 99 అని నాలుగు సంవత్సరాలు. మామూలు అన్‌లిమిటెడ్‌లో 98తోనే ఆగిపోతుంది, 99 విజార్డ్స్ పేరు దగ్గర మాత్రమే కనిపిస్తుంది. ఫోన్లో పెద్దది చేసి చూస్తే క్షణంలో తేలిపోయే సంగతి. అందుకే ఇప్పుడు అడుగు భాగం మసకగా ఉన్న ఫొటో చూస్తే వెనకవైపు చూపించనప్పుడు వచ్చేంత అనుమానం నాకు వస్తుంది.

ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉంటే చాలు అనుకునేవాళ్లకు మచాంప్ అనే పోకెమాన్ సంగతి చెప్పాలి. బేస్ సెట్ మచాంప్ ఇద్దరు ఆడుకునే స్టార్టర్ సెట్‌లో వచ్చేది. ఆ కార్డు మీద ఫస్ట్ ఎడిషన్ ముద్రను అన్‌లిమిటెడ్ ముద్రణలో కూడా తీయలేదు. దాంతో "ఫస్ట్ ఎడిషన్ హోలో" అంటూ కనిపించే మచాంప్‌లు బోలెడు. కొత్తవాళ్లు ఎక్కువగా పడేది ఇక్కడే. నేను పడలేదు, కానీ అది తెలివి వల్ల కాదు, నాకు మచాంప్ బొమ్మ నచ్చదు.

నకిలీల గురించి ఎక్కువ చెప్పను, నేను నిపుణుణ్ణి కాదు. ఒక భూతద్దం మాత్రం కొనండి, బంగారం పనివాళ్లు వాడే చిన్నది చాలు. మ్యాజిక్ (మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే ఇంకో కార్డుల ఆట) అసలు కార్డులో రంగులు పువ్వుల్లాంటి చుక్కల గుంపులుగా కనిపిస్తాయి, నల్ల అక్షరాలు మాత్రం వాటి మీద గట్టిగా, అంచులు స్పష్టంగా ఉంటాయి. స్కాన్ చేసి మళ్లీ ప్రింట్ చేసిన నకిలీలో చాలాసార్లు అక్షరాలు కూడా చుక్కలే. వెనకవైపు ఐదు రంగుల గుండ్రాల్లో ఆకుపచ్చదాన్ని చూస్తే లోపల నాలుగు ఎర్ర చుక్కలు ఎల్ ఆకారంలో ఉంటాయి. టార్చి వెలుగు పెట్టి చూసే పరీక్ష ఉంది కానీ, దాని ఒక్కదాన్నే నమ్ముకోకండి. కార్డును వంచి చూసే పరీక్ష జోలికి అసలు పోకండి. అసలుదని తేలేసరికి దానికి మడత పడి ఉంటుంది.

ఇక గ్రేడింగ్. కార్డును ప్లాస్టిక్ స్లాబ్‌లో బిగించి 1 నుంచి 10 వరకు అంకె వేసి ఇస్తారు కదా, దాంతో నా టెన్షన్ తీరిపోయిందనుకున్నాను. కొన్నాళ్లు కార్డు చూడటం మానేసి లేబుల్ మాత్రమే చూశాను. ఇలా గ్రేడ్ వేసే పీఎస్ఏ కంపెనీ 1991లో మొదలైంది. అది మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది, 1909-11 మధ్య సిగరెట్ పెట్టెల్లో వచ్చిన టీ206 సెట్‌లోది. వచ్చిన గ్రేడ్ 8. వేలంపాటల వ్యాపారి బిల్ మాస్ట్రో ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని 2013లో ఒప్పుకున్నాడు. ప్రపంచంలోకెల్లా పేరున్న కార్డు విషయంలోనే అలా జరిగితే, మామూలు కార్డు మీద అంకె కళ్లు మూసుకుని ఎలా నమ్మాలి? గ్రేడింగ్ దండగ అనడం లేదు. 9 వచ్చిన రెండు కార్డులు పక్కపక్కన పెడితే ఒకటి కళ్లకు ఇంపుగా ఉంటుంది, ఇంకోదాని బొమ్మ ఒక పక్కకు జరిగి ఉంటుంది. సెంటరింగ్ బాగున్నదానికి కాస్త ఎక్కువ ఇచ్చినా నేను బాధపడలేదు. స్లాబులకూ నకిలీలున్నాయి. అసలు కార్డు సర్టిఫికెట్ నంబరునే కాపీ కొడతారు కాబట్టి నంబరు గ్రేడింగ్ కంపెనీ వెబ్‌సైట్‌లో దొరికితే సరిపోదు. అక్కడ ఫొటో కూడా ఉంటే మూలమూలా పోల్చుకోవాలి.

స్లాబులతో పాటు అంటుకున్న ఇంకో పిచ్చి పాపులేషన్ రిపోర్ట్. ఏ గ్రేడ్‌లో ఎన్ని ఉన్నాయో అందులో ఉంటుంది. ఒక కార్డుకు 10 వచ్చినవి నాలుగైదే ఉన్నాయని చూసి ఎగబడి కొన్నాను. ఆ కార్డు అరుదైనదేం కాదు, గ్రేడింగ్ ఫీజు కట్టి పంపేంత ఆసక్తి ఎవరికీ లేదు, అంతే. అమ్మబోయినప్పుడు ఆ ఆసక్తి లేకపోవడం నాకు కూడా ఎదురైంది.

దీనికి తలకిందుల ఉదాహరణ బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ రూకీ (తొలిరోజుల) కార్డు, ఫ్లీర్ కంపెనీ 1986-87 సెట్‌లోది. పీఎస్ఏ 10 ఉన్నవి 300 పైచిలుకు ఉన్నా 2021 జనవరిలో రెండు ఒక్కోటి 7,38,000 డాలర్లకు పోయాయి. లాక్‌డౌన్‌లో అందరూ పాత కార్డులు బయటికి తీసిన కాలం అది. గ్రేడింగ్‌కు వచ్చిన కట్టలు పేరుకుపోయి ఆ వసంతంలో పీఎస్ఏ చాలా సర్వీసులు తాత్కాలికంగా ఆపేసింది. ఏడాది దాటేసరికి అదే జోర్డాన్ కార్డు 2 లక్షల డాలర్ల దగ్గరికి దిగింది. నేను కొన్నది జోర్డాన్ కాదు లెండి, నా స్థోమతకు తగ్గదే. కానీ కొన్న సీజన్ మాత్రం అదే. ఇప్పుడు నేను అడిగే ధర కాదు, అమ్ముడైన ధరలు చూస్తాను, అవి కూడా కొన్ని నెలలవి. పైకి దూకిన వారం కొనను.

రీప్రింట్ల విషయం మ్యాజిక్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1995లో క్రానికల్స్ పేరుతో పాత కార్డులు మళ్లీ వేసేసరికి దాచుకున్నవాళ్లు మండిపడ్డారు. ఆ గొడవలోంచే మరుసటి ఏడాది మళ్లీ ముద్రించబోమని హామీ ఇచ్చే రిజర్వ్‌డ్ లిస్ట్ పుట్టింది. ఆ లిస్టులో లేని కార్డును "ఇక దొరకదు" అంటూ ఎవరైనా అంటగడుతుంటే నేను తొందరపడను.

సీల్ తీయని పెట్టెలు పెట్టుబడిగా కొనమని సలహా ఇచ్చేవాళ్లతో నాకు పడదు. యూట్యూబర్ లోగన్ పాల్ 35 లక్షల డాలర్లు పెట్టి కొన్న పోకెమాన్ ఫస్ట్ ఎడిషన్ పెట్టెలు నకిలీవని 2022 జనవరిలో తేలింది, లోపల ఉన్నవి జీఐ జో అనే వేరే రకం కార్డులు. తెరిస్తే విలువ పోతుంది, తెరవకపోతే లోపల ఏముందో తెలియదు. ఇలాంటి వస్తువు నా అల్మారాలో అక్కర్లేదు. కావాల్సిన కార్డు కోసం ప్యాకులు చింపడం కూడా మానేశాను, ఆ డబ్బుతో ఆ కార్డునే విడిగా కొనుక్కుంటే తక్కువలో అయిపోతుంది. సెట్ విడుదలైన వారం కాకుండా కాస్త ఆగితే ఇంకా తక్కువకే వస్తుంది. కొత్త సెట్ వచ్చినప్పుడు ఒకటి రెండు ప్యాకులు మాత్రం కొంటాను. వాటి ఖర్చు కలెక్షన్ లెక్కలో రాయను, సినిమా టికెట్ల పక్కన రాస్తాను.