తాత అంబాసిడర్‌కు నైలాన్ టైర్లు

మిర్యాలగూడలో మా తాతకు రైస్ మిల్లు ఉండేది. మిల్లు అమ్మేశాక మాకు మిగిలింది ఆయన అంబాసిడర్ ఒక్కటే. 1976 మోడల్, మార్క్ 3. నల్లగొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పదకొండేళ్లు కదలకుండా పడి ఉంది. చెల్లె పెండ్లికి దాన్ని బయటికి తీయాలని నాకు బుద్ధి పుట్టింది. ఇంజను, బ్రేకులు, వైరింగు మూడు నెలల్లో తేలిపోయాయి. అసలు తిప్పలంతా టైర్ల దగ్గర పడ్డాను.

షెడ్డులో ఉన్న టైర్లు నాలుగూ నాలుగు రకాలు. రెండింటికి పక్కగోడలు నెర్రెలిచ్చిన చెరువు మట్టిలా ఉన్నాయి. ఒకదాని మీద మాత్రం సైజు చదవగలిగాను: 5.90-15, 6 పి.ఆర్. 5.90 అంటే టైరు వెడల్పు, అంగుళాల్లో. 15 అంటే రిమ్ము. మధ్యలో ‘ఆర్’ అక్షరం లేదు, ఒట్టి గీతే ఉంది. అంటే ఇప్పటి కార్లకు వచ్చే రేడియల్ రకం కాదు, మన పంచర్ షాపుల భాషలో నైలాన్ టైరు. ఇప్పటి టైర్ల మీద, ఎత్తు వెడల్పులో ఎంత శాతమో చెప్పే 65, 80 లాంటి అంకె కూడా దాని మీద ఉండదు, ఎందుకంటే ఆ రోజుల్లో టైరు ఎత్తు దాదాపు దాని వెడల్పంత ఉండేది. 6 పి.ఆర్. (ప్లై రేటింగ్) అంటే లోపల ఆరు పొరలు ఉన్నాయని కాదట, పాత నూలు పొరల లెక్కలో ఆరింటికి సమానమైన బలం అని. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందు ఊళ్లోనే ఒక పెద్ద టైర్ల షాపుకు పోయాను. కౌంటర్ దగ్గరి అబ్బాయి కంప్యూటర్ చూసి, “సార్, 195/65 ఆర్ 15 వేసేద్దాం, అందరూ అదే వేస్తున్నారు” అన్నాడు. 195 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. రిమ్ము పదిహేనే కదా, నాకూ సరే అనిపించింది. కానీ నా స్నేహితుడు ఒకడు తన అంబాసిడర్‌కు ఇంకా చిన్నవి, 175/65 ఆర్ 15 వేయించాడు. పోయి చూస్తే బండి పట్టుపంచె కట్టుకుని హవాయి చెప్పులేసుకున్నట్టుంది. మడ్‌గార్డ్‌కూ టైరుకూ మధ్య అరచేయి నిలువుగా పట్టేంత సందు.

ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. 5.90-15 నిలువు కొలత 66 సెంటీమీటర్ల పైచిలుకు. 195/65 అయితే 63 చిల్లర. స్నేహితుడివి 61 కూడా లేవు. అంటే వాటితో బండి ఆ తేడాలో సగం, రెండున్నర సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. స్పీడోమీటర్ 60 చూపిస్తే నిజంగా పోయేది 55. పైగా మా రిమ్ము లోపలి వెడల్పు టేపు పెట్టి కొలిస్తే నాలుగంగుళాల చిల్లరే, 195 టైరుకు కనీసం ఐదున్నర కావాలి. సన్న రిమ్ముకు లావు టైరు ఎక్కిస్తే పక్కగోడలు లోపలికి ముడుచుకుని నడుమ ఉబ్బుతుంది. షాపు అబ్బాయి ఈ మాట చెప్పలేదు. తెలియక చెప్పలేదో, స్టాకు పోవాలని చెప్పలేదో.

ఇక ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని.

సూర్యాపేటలో ఒక పాత టైర్ల గోడౌను ఖాళీ చేస్తున్నారని ఎవరో చెప్పారు. పోతే నిజంగానే ఐదు 5.90-15లు, ఒక్కసారి కూడా రోడ్డెక్కనివి. పైన కాగితం లేబుళ్లు, అచ్చులోంచి వచ్చిన రబ్బరు వెంట్రుకలు కూడా అట్లనే ఉన్నాయి. నాకు లాటరీ తగిలినట్టయింది. బేరం కూడా ఆడలేదు. వేయించి, గాలి కొట్టించి, నార్కట్‌పల్లి రోడ్డెక్కాను. పది కిలోమీటర్లు పోయానో లేదో స్టీరింగు వణకడం మొదలైంది. దిగి చూస్తే ముందు కుడి టైరు పక్కన కోడిగుడ్డంత బొడిపె. చూస్తుండగానే దాని పక్కన చీలిక పెరిగింది, లోపలి ట్యూబు బెలూన్‌లా బయటికి తొంగి చూసింది. ఎండ మండిపోతోంది. బండిని వేపచెట్టు కిందికి నెట్టడానికి అటుగా పోతున్న ట్రాక్టరాయన సాయం పట్టాల్సి వచ్చింది.

స్టెప్నీ వేసుకుని మెల్లగా ఇంటికి చేరి, ఆ టైరును మా వీధి పంచర్ షాపు కాకాకు చూపించాను. ఆయన టైరు పక్కన తుడిచి, అక్షరాల వరుస చివర ఉన్న మూడు అంకెల మీద వేలు పెట్టాడు: 347.

“ఏడో సాల్ల ముప్పై నాలుగో వారం. 97 అనుకుందం. 87 గూడ గావొచ్చు.”

“కానీ కొత్తవే కదా కాకా?”

“కొత్తది గాదు బిడ్డా, వాడనిది. రెండూ ఒకటి గాదు.”

2000 నుంచి ఈ తయారీ తేదీ గుర్తు నాలుగు అంకెల్లో వస్తోంది, 3124 అంటే 2024లో 31వ వారం. మూడే అంకెలున్నాయంటే టైరు పోయిన శతాబ్దానిదని. ఇంకో సంగతి, ఇది నేను తర్వాత చదివి తెలుసుకున్నాను: రబ్బరును గాలిలోని ఓజోన్ నుంచి కాపాడటానికి తయారీలోనే మైనం లాంటి పదార్థం కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే అది పైకి ఊరుతూ ఉంటుంది. మూలన పడి ఉన్న టైరుకు ఆ ఊట ఉండదు. అందుకే తిరిగే టైరు కన్నా పడున్న టైరే ముందు పగులుతుంది. నేను బండికి ఆ కాలపు రూపం కోరుకుని, ఆ కాలపు రబ్బరు కొనుక్కొచ్చాను.

కొత్తగా తయారైన టైరే కావాలి, కానీ ఏది? రేడియలా, నైలానా? దీని మీద రెండు వారాలు తిన్నగా నిద్రపోలేదు. నైలాన్ టైరులో దారాల పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా, అడ్డదిడ్డంగా పోతాయి. నడుస్తుంటే ఆ పొరలు ఒరుసుకుని వేడెక్కుతుంది. మే నెలలో 45 డిగ్రీలు తగిలే మా నల్లగొండలో ఇది చిన్న విషయం కాదు. చక్రాల గాళ్లు పడిన రోడ్డు మీద బండి అటూ ఇటూ ఈడుస్తుంది కూడా. రేడియల్ అయితే చల్లగా, నిలకడగా పోతుంది, రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. మన దేశంలో రేడియల్ తయారీ 1977లో జేకే టైర్‌తో మొదలైంది. మా బండి అంతకు ఏడాది ముందుది, నైలాన్ టైర్లను లెక్కలో పెట్టుకునే దాని స్టీరింగు, ముందు కీళ్లు కట్టారు. రేడియల్ పట్టు ఆ కీళ్ల మీద ఎక్కువ బరువు మోపుతుంది, నిలబడి తిప్పేటప్పుడు చేతులూ నొస్తాయి.

రోజూ విజయవాడ హైవే మీద 80లో పోయేవాడినైతే మారుమాట లేకుండా 165 ఆర్ 15 రేడియల్ తెప్పించుకునేవాణ్ని. సన్న రిమ్ముకు సరిపోతుంది, ఎత్తు కూడా 64 దాటుతుంది. మా బండి తిరగబోయేది నెలకు రెండుసార్లు, పొద్దున్నే, 50 దాటకుండా. నైలాన్‌కే ఓటేశాను. ఒకటి మాత్రం పట్టు పట్టాను, ఐదూ ఒకే రకం. ముందు రేడియల్, వెనక నైలాన్ వేసి మలుపులో బండి వెనక భాగం జారిన కథలు పంచర్ షాపులో చాలా విన్నాను.

హైదరాబాద్‌లో ఒక షాపతను మూడు వారాల్లో తెప్పించాడు. డబ్బు కట్టే ముందు ప్రతి టైరు నాలుగంకెల గుర్తునూ ఫోటో తీసి పంపమన్నాను. విసుక్కున్నాడు, కానీ పంపాడు. కాకా రిమ్ముల తుప్పు గీకి, రంగేసి, లోపల పౌడరు చల్లి, కొత్త ట్యూబులు పెట్టి ఎక్కించాడు. ట్యూబ్‌లెస్ ఆలోచనే పెట్టుకోలేదు. ఆ పాత రిమ్ములో టైరు అంచు జారకుండా ఆపే చిన్న గట్టు ఉండదు.

ఈలోగా ఇంట్లో ఇంకో గొడవ. పెండ్లి బండి కాబట్టి తెల్ల అంచు టైర్లు కావాలని చెల్లె పట్టు. రిమ్ముకూ టైరుకూ మధ్య ఇరికించే తెల్ల రబ్బరు రింగులు ఫోన్‌లో చూపించింది కూడా. అమ్మ లోపలికి పోయి ఆల్బమ్ తెచ్చింది. 1978, యాదగిరిగుట్ట, వాహన పూజ. తాత తెల్ల ధోవతిలో, పక్కన బండి, చక్రాల కింద నిమ్మకాయలు. భూతద్దం పెట్టి చూస్తే టైర్లు నల్లగా, నడుమ చిన్న స్టీలు కప్పు. తెల్ల గీత లేదు. చెల్లె ఇంకేమీ మాట్లాడలేదు, ఫోటో మాత్రం తన ఫోన్‌లోకి ఎక్కించుకుంది.

ఆర్‌సీ రెన్యువల్‌లో టైర్ల గురించి పెద్దగా ఏమీ అడగలేదు. నిబంధన ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, మావి అచ్చం కొత్తవి. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన ‘వీఏ’ వింటేజ్ నంబరు సంగతి కూడా కనుక్కున్నాను. అది తీసుకుంటే రోజువారీ తిరగడానికి వీల్లేదు. దాని మీద ఇంకా ఆలోచిస్తున్నా.

పెండ్లికి నాలుగు రోజుల ముందు తెల్లవారుజామున బాపును ఎక్కించుకుని పానగల్లు దాకా పోయాను. గేటు దాటగానే కింద నుంచి టక్, టక్, టక్ అని చప్పుడు. నా గుండె జారింది, మళ్లీ బొడిపె అనుకున్నాను. బండి పక్కకు ఆపబోతుంటే బాపు చెయ్యి ఊపాడు.

“ఆపకు. రాత్రంత నిలవడ్డది గద, అడుగు సదునైతది. వేడెక్కితే గుండ్రమైతది. మీ తాత బండి రోజూ పొద్దుగాల గిట్లనే సప్పుడు జేసేది.”

రెండో కిలోమీటరు దాటేసరికి చప్పుడు ఆగిపోయింది.