హాస్టల్ నుంచి ఇంటికి వచ్చేశాక

ఇంటర్ సెకండియర్ బైపీసీ, విజయవాడలో హాస్టల్. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. ఆ పోయే మార్కు భయం బుర్రలో తిష్ట వేసింది. వీకెండ్ టెస్టులో తెలిసిన బిట్టు పెట్టాలన్నా చెయ్యి వచ్చేది కాదు. రాత్రి స్టడీ అవర్స్ అయ్యాక పడుకుంటే గుండెదడ. ర్యాంకుల లిస్టు అంటించే రోజు అన్నం లోపలికి పోయేది కాదు.

ఆదివారం ఫోన్ ఇచ్చేవారు. వెనక అమ్మాయిలు లైన్లో నిలబడి ఉంటే అమ్మతో "బాగానే ఉన్నా" అని పెట్టేసేదాన్ని. ఓసారి నాయనమ్మ ఎత్తింది. "అన్నం తిన్నావా తల్లీ?" అంది. ఏడుపు ఆగలేదు. ఎందుకని అడగలేదావిడ. "మీ నాన్నని పంపుతున్నా, బట్టలు సర్దుకో" అంది.

వార్డెన్ గారు "పిల్లలందరూ ఇంతేనండీ, సర్దుకుంటుంది" అన్నారు. నాన్న సంతకం పెట్టి నన్ను తీసుకొచ్చేశారు. తెనాలి రైల్లో కృష్ణ దాటుతున్నా చదువు ఊసెత్తలేదు, జామకాయలు కొనిచ్చారు. కట్టిన ఫీజు మాట ఇప్పటికీ నా ముందు ఎత్తరు. అది ఎలా కట్టారో నాకు తెలుసు.

కొన్నాళ్లు నిద్రే నిద్ర. తర్వాత నాన్నే 14416కి ఫోన్ చేసి నా చేతికిచ్చారు. టెలీ మానస్ అని, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడారు. దడ వచ్చినప్పుడు ఊపిరి నెమ్మదిగా ఎలా వదలాలో చెప్పారు, తగ్గకపోతే డాక్టరుకు చూపించమన్నారు. నాన్న పక్కన కూర్చున్నారు కాబట్టే అంతసేపు మాట్లాడగలిగాను.

ఇప్పుడు ఊళ్లోనే డే స్కాలర్‌ని. రాత్రి నేను చదువుతుంటే అమ్మ అదే గదిలో మర్నాటికి చిక్కుళ్లు ఈనెలు తీస్తూ కూర్చుంటుంది, ఏమీ మాట్లాడదు. ఎనిమిదో తరగతి తమ్ముడు బోటనీ బిట్లు అడుగుతాడు. వాడు పేర్లు తప్పు పలికితే నేను దిద్దాలి, ఆ దిద్దడంలోనే నాకు పాఠం గుర్తుండిపోతోంది. ధైర్యంగా ఉండమని ఇంట్లో ఎవరూ అనలేదు. నాకదే కావాల్సింది.

టెస్టులు వారం వారం ఉన్నాయి, టెన్షన్ పూర్తిగా పోలేదు. మార్కులు తగ్గితే ఆ సాయంత్రమే నాన్నకి చెప్పేస్తున్నా. "సరే, ఏ చాప్టర్లో పోయాయి?" అంటారు. పుస్తకం తెచ్చి ఇద్దరం కూర్చుంటాం.