నా పేరు ఫ్నూ

2016 ఆగస్టు. టెక్సస్‌లో దిగి మూడు వారాలైంది. టీబీ పరీక్ష కోసం యూనివర్సిటీ క్లినిక్‌లో కూర్చున్నా. నర్సమ్మ తలుపు తీసి "ఫ్నూ" అని పిలిచింది. ఎవరూ లేవలేదు. ఏ చైనా అబ్బాయో అనుకున్నా. మళ్ళీ "ఫ్నూ!" అంది. మూడోసారి కాగితం కళ్ళ దగ్గరకి పెట్టుకుని "ఫ్నూ... వెంకటా... లక్ష్..." అని కూడబలుక్కునే సరికి గుండె గుభేల్మంది. అది నేనే.

ఎఫ్ఎన్‌యూ అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్. మొదటి పేరు తెలియదు అని. మా అమ్మ వెంకటలక్ష్మీ ప్రసన్న అని ఏరికోరి పెట్టుకున్న పిల్లని అమెరికా వాళ్ళు పేరు తెలియని మనిషిని చేశారు. తప్పు వాళ్ళది కాదులెండి, మాదే.

2014లో, ఇంజినీరింగ్ రెండో ఏడులో, నెట్ సెంటర్‌లో పాస్‌పోర్టుకి అప్లై చేశా. మన పదో తరగతి మెమోలో సర్‌నేమ్ గడి ఉండదు కదా, ఇంటిపేరుతో సహా అంతా ఒకే వరుసలో ఉంటుంది. నెట్ సెంటర్ అబ్బాయి ఆ వరుస మొత్తాన్ని గివెన్ నేమ్ గడిలో కొట్టేసి సర్‌నేమ్ ఖాళీగా వదిలేశాడు. "ఇక్కడేం రాయక్కర్లేదా?" అంటే "అవసరం లేదక్కా, స్టార్ లేదు చూడు" అన్నాడు. సర్‌నేమ్ గడి ఖాళీగానే పాస్‌పోర్టు వచ్చింది. వీసా దగ్గరకొచ్చేసరికి అమెరికా పద్ధతి వేరు. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండకూడదు. అందుకని పేరంతా తీసుకెళ్ళి ఇంటిపేరు గడిలో పెట్టి, అసలు పేరుండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ వేస్తారు. సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు, అద్దె కాగితం... ఎక్కడ చూసినా ఫ్నూనే. రూమ్మేట్స్ ఇంట్లో కూడా అదే పిలిచేవాళ్ళు, దొంగమొహాలు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2023 వేసవిలో మా తమ్ముడు ఎమ్మెస్‌కి వెళ్తానన్నాడు. అప్పటికి నేను తిరిగొచ్చేశా. "కాలేజీల లిస్టు తర్వాత, ముందు పాస్‌పోర్టు తేరా" అన్నా. తెరిస్తే సర్‌నేమ్ దగ్గర తెల్లగా ఉంది. అదే ఊరు, అదే తప్పు!

"ఏం కాదులే అక్కా, నువ్వు వెళ్ళలేదా?" అంటాడు. వెళ్ళాను. ఫ్నూగా వెళ్ళాను. పైగా 2022 నవంబరులో యూఏఈ వాళ్ళు ఒంటిపేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళని రానివ్వమని చెప్తే ఎంత గగ్గోలైందో గుర్తుంది. తర్వాత కాస్త సడలించారు, అది వేరే సంగతి.

ఇక్కడ వరుస ముఖ్యం. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లీషు పరీక్షకి పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరివ్వాలి. అదే పేరుతో కాలేజీకి అప్లికేషన్, అదే పేరుతో కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం, ఆ ఐ-20 మీదే విదేశీ విద్యార్థుల రికార్డు కోసం కట్టే సెవిస్ ఫీజు, తర్వాత డీఎస్-160 అనే వీసా ఫారం, ఆ తర్వాత ఇంటర్వ్యూ స్లాటు. మధ్యలో పాస్‌పోర్టు మారిస్తే వెనక్కెళ్ళి అన్నీ దిద్దించుకోవాలి. స్లాట్ల కోసం అర్ధరాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చునే రోజుల్లో ఆ పని ఎవడికి కావాలి? అందుకే వాడు ఇంకా ఏ పరీక్షకీ కట్టకముందే ఇంటిపేరు చేర్చి పాస్‌పోర్టు రీఇష్యూకి పెట్టించా. 1500 రూపాయలు. తత్కాల్ అయితే ఇంకో 2000, తొందర లేదు కాబట్టి అక్కర్లేదన్నా. ఈసారి నెట్ సెంటర్ లేదు, ఫారం నేనే పక్కన కూర్చుని నింపించా. మెమోలో నాన్న పేరు ముందు ఒక్క పొడి అక్షరమే ఉంది. పాస్‌పోర్టు ఫారంలో పొడి అక్షరాలు ఒప్పుకోరు, దాన్నీ పూర్తిగా విప్పి రాయించా. పోలీసు వెరిఫికేషన్‌కి వచ్చిన కానిస్టేబుల్ "మీ ఇంటిపేరు ఇప్పుడే దొరికిందా తమ్ముడూ?" అని నవ్వాడు.

డబ్బు సంగతి కూడా చెప్తా. నా కాలంలో సెవిస్ 200 డాలర్లు, వీసా 160. వాడు 2024లో 350, 185 కట్టాడు. నా వీసా ఇంటర్వ్యూ బేగంపేటలో, అప్పట్లో అమెరికా కాన్సులేట్ ఉన్న 'పైగా ప్యాలెస్' అనే భవనంలో. వాడిది నానక్‌రామ్‌గూడ కొత్త బిల్డింగులో. వారం ముందు నుంచీ అద్దం ముందు నిలబడి జవాబులు వల్లెవేశాడు. తీరా కిటికీ దగ్గర రెండు నిమిషాలు కూడా పట్టలేదట. ఈ యూనివర్సిటీనే ఎందుకు, ఫీజు ఎవరు కడతారు, నాన్న ఏం చేస్తారు, అంతే. వాడి ముందున్న అబ్బాయికి 214(బి) కాగితం, అంటే వీసా ఇవ్వట్లేదని చెప్పే కాగితం, ఇచ్చి పంపారట. అది చూసి చేతులు చల్లబడ్డాయన్నాడు.

అమ్మ చిలుకూరు బాలాజీ గుడిలో వాడి వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు ముందే చేసొచ్చింది. వీసా వచ్చాక మొక్కు ప్రకారం నూట ఎనిమిదికి ముగ్గురం వెళ్ళాం. అక్కడ అంకెలున్న కార్డు ఇస్తారు, చుట్టుకొకటి కొట్టేసుకోవాలి. యాభై దాటాక వీడికి లెక్క తప్పింది. అమ్మ మళ్ళీ మొదట్నుంచి తిరగమంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ సంచిలోంచి పాస్‌పోర్టు తీసి, వీసా కాగితాన్ని ఎండలోకి వంచి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. సర్‌నేమ్ దగ్గర మా ఇంటిపేరు, కింద వాడి పేరు. నావైపు తిరిగి, "నీ ఫ్నూ ఇందులో ఎక్కడా లేదు కదే?" అంది.