సీరియల్ ట్రైలర్ తీశాం, వైవాకు కూర్చున్నాం: నా అనుభవం

డిగ్రీ చివరి ఏడాదిలో మాస్ కమ్యూనికేషన్ ప్రాజెక్టు కింద సీరియల్ ట్రైలర్ తీయాలని మీలో ఎవరికైనా ఉంటే ముందు ఇది చదవండి. తీయడం పెద్ద పని కాదు. తీసినదాన్ని మనమే విశ్లేషించి నివేదిక రాయడం కొంత కష్టం. ఆ నివేదిక పట్టుకుని వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు, కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పడానికే ఇదంతా. మా వైవా మొన్ననే అయింది. కోపం చల్లారాక రాస్తే మర్యాద కోసం సగం దాచేస్తానని ఇప్పుడే రాస్తున్నాను.

మాది పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ. చదువు శ్రీకాకుళం పట్నంలో. ప్రాజెక్టుకు నలుగురం కలిశాం, ఎడిటింగ్ నా వంతు. బ్రిటన్‌లో ‘ఏ లెవెల్’ (మన ఇంటర్ లాంటి చదువు) మీడియా స్టడీస్ విద్యార్థులకు ఇచ్చిన ఒక ప్రాజెక్టు నమూనాను మా గైడ్ మేడమ్ సంపాదించి ఇచ్చారు. కొత్త సీరియల్ ఒకదాన్ని ఊహించుకుని దానికి ట్రైలర్ తీయాలి. టీవీ కార్యక్రమాల పత్రికకు ముఖచిత్రం, ఒక పోస్టరు కూడా తయారుచేయాలి. అన్నీ అయ్యాక నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఈ తరహా కార్యక్రమాలకు ఉన్న ఒరవడిని ఎక్కడ పాటించారు, ఎక్కడ కాదన్నారు? ట్రైలరు, ముఖచిత్రం, పోస్టరు ఒకదానితో ఒకటి ఎంతవరకు కుదిరాయి? ప్రేక్షకుల స్పందన నుంచి ఏమి నేర్చుకున్నారు? ఏ దశలో ఏ పరికరాలు, సాఫ్ట్‌వేర్ వాడారు? మూడో ప్రశ్న గుర్తుపెట్టుకోండి. గొడవంతా దాని దగ్గరే.

పలాస చుట్టుపక్కల జీడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. జీడి పిక్క పెంకులో ఘాటైన రసం ఉంటుంది. తగిలితే చర్మం కాలుతుంది, వేళ్లు నల్లబడతాయి. నూనె రాసుకున్నా, బూడిద పూసుకున్నా పూర్తిగా ఆగదు. మా నాయిక అలా పిక్కలు కొట్టే అమ్మాయి. ట్రైలర్ పెళ్లిచూపులతో మొదలవుతుంది. అమ్మాయి ముఖం కనబడదు, కాఫీ గ్లాసు పట్టుకున్న చేయి మాత్రమే తెర నిండా ఉంటుంది. వేళ్ల కొసలు నల్లగా ఉంటాయి. గ్లాసు అందించేటప్పుడు ఆ వేళ్లు మెల్లగా లోపలికి ముడుచుకుంటాయి. వెంటనే కాబోయే అత్తగారి కళ్లు. ఒక్క మాట లేదు. ఆ చేయి నటించిన అమ్మాయిది కూడా కాదు, మా వీధిలో ఫ్యాక్టరీకి వెళ్లే ఒక అక్కది.

నేపథ్య సంగీతం పెట్టలేదు. కాలితో తొక్కి, చేత్తో మీట లాగి పిక్కను చీల్చే యంత్రం చప్పుడు రికార్డు చేసుకొచ్చి దానితోనే ట్రైలర్‌కు తాళం కట్టాను. మొదట నెమ్మదిగా వినబడి, అత్తగారి ముఖం వచ్చేసరికి వేగం అందుకుని, సీరియల్ పేరు పడే చోట ఒక్కసారిగా ఆగిపోతుంది. మా తరగతిలో శబ్దాన్ని ఇంత ఆలోచించి వాడిన ప్రాజెక్టు ఇంకొకటి లేదు. ఆ మాట నేను గర్వంగానే చెబుతాను.

అంశానికి అనుమతి అడిగిన రోజే వచ్చింది. షూటింగు ఫోన్లతో, సెకనుకు 25 ఫ్రేముల లెక్కన చేశాం. ఎడిటింగ్ డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో అయింది. పోస్టరు, ముఖచిత్రం సాఫీగా సాగిపోయాయి.

ప్రేక్షకుల స్పందన కోసం కాశీబుగ్గలో మా ఇంటి టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి, సాయంత్రం సీరియళ్లు మొదలయ్యేలోపు వీధిలోని ఆడవాళ్లను కూర్చోబెట్టి చూపించాం. వేళ్లు ఎందుకు నల్లగా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు. చేయి కనబడగానే తెలిసిపోయింది. ఒకామె అమ్మాయిని తలచుకుని కళ్లు తుడుచుకుంది. ఇంకొకామె అత్తగారి వైపు మాట్లాడింది: రేపు ఆ రసం అంటిన చేతులతోనే పసిబిడ్డను ఎత్తుకోవాలి కదా, ఆవిడకు ఆ దిగులు ఉండదా అని. మరొకామెకు కథే నచ్చలేదు. పెళ్లి కుదిరితే ఏమిటి, కుదరకపోతే ఏమిటి, చేతులకు తొడుగులు ఇవ్వని యజమానిని చూపించండి అంది. వాళ్లలో ఒక పెద్దావిడ అందరూ అయ్యాక నెమ్మదిగా ఒక మాట చెప్పింది. ఆవిడ యాసలోనే రాసుకున్నాను, ఇక్కడ భావం చెబుతాను. ఆ పిల్ల గ్లాసు ఇస్తూ వేళ్లు దాచుకుంది చూశారా, పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు మేమూ విస్తరి ముందు అలాగే దాచుకుంటాం అంది.

ప్రేక్షకులు ఒక సందేశాన్ని మూడు రకాలుగా అందుకోవచ్చని బ్రిటన్‌కు చెందిన సాంస్కృతిక సిద్ధాంతకర్త స్టువర్ట్ హాల్ 1973లో ప్రతిపాదించాడు. తీసినవాళ్ల ఉద్దేశంతో ఏకీభవించవచ్చు, కొంత ఒప్పుకుని కొంత సవరించుకోవచ్చు, పూర్తిగా ఎదురు తిరగవచ్చు. తరగతిలో విన్నప్పుడు పరీక్షకు బట్టీ పట్టే విషయంలాగే అనిపించింది. మా ఇంటి హాల్లో ఆ మూడు రకాలూ ఒకే సాయంత్రం నా కళ్ల ముందు కనబడ్డాయి. నివేదికలో మూడో ప్రశ్నకు జవాబంతా ఇదే రాశాను. వాళ్లు చెప్పిన మాటలను వాళ్ల మాటల్లోనే అనుబంధంగా చేర్చాను. పేర్లు మాత్రం పెట్టలేదు. మీరూ పెట్టకండి, ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

బైండింగ్ దగ్గర ఒక హెచ్చరిక. నేను యూనికోడ్‌లో టైపు చేసి తీసుకెళ్లిన నివేదికను డీటీపీ షాపులో వాళ్లు వాడే పాత తరహా ‘అను’ ఫాంట్లలోకి మార్చారు. సగం ఒత్తులు ఎగిరిపోయాయి. మేమింతే చేస్తాం, అందరూ ఇలాగే తీసుకెళ్తారు అన్నారు. పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి, షాపులో ఫైలు తెరవనివ్వకండి.

ఇక వైవా. ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి పరీక్షకుడిగా, ఒక పెద్దాయన వచ్చారు. మాకు ముందు ఒక జట్టు శాలిహుండం బౌద్ధారామం మీద డాక్యుమెంటరీ చూపించింది. చాలా బాగా తీశారు. ఆయన మెచ్చుకున్నారు, మెచ్చుకోవలసిందే. మా వంతు రాగానే నివేదిక అట్ట మీద పేరు చూసి, ‘ఏమమ్మా, ఇంత చదువూ చదివి చివరికి సీరియలా?’ అన్నారు. వైవాలో మాకు వేసిన మొదటి ప్రశ్న అది.

ప్రొజెక్టర్‌కు శబ్దం రాలేదు. మా ల్యాప్‌టాప్ స్పీకర్లతోనే వినిపించాం. చేయి తెర మీదకు రాగానే ఆయన ఆపమన్నారు.

‘అమ్మాయి చేతులకు ఆ మసి ఏమిటి? మేకప్ చూసుకోలేదా?’

‘మసి కాదు సార్, జీడి రసం మచ్చలు. కథకు అవే ముఖ్యం.’

‘అది నువ్వు పక్కన నిలబడి చెబితే కదా తెలిసింది. చూసేవాడికి ఎలా తెలుస్తుంది?’

‘చూసినవాళ్లకు తెలిసింది సార్. అనుబంధంలో రాశాం.’

ఆయన పేజీలు తిప్పి అనుబంధం దగ్గర ఆగారు. పెద్దావిడ మాట కళ్లబడింది. దాన్ని పైకి చదివారు. మామూలుగా చదవలేదు, సినిమాల్లో మా జిల్లా మనిషిని నవ్వులపాలు చేసేటప్పుడు ఎలా సాగదీస్తారో అలా సాగదీసి, చేయి తిప్పుతూ చదివారు. తలుపు దగ్గర తమ వంతు కోసం నిలబడ్డ పిల్లలు నవ్వారు. వాళ్లలో సగం మందిది మా వైపే. వాళ్ల ఇళ్లలోనూ అదే యాస. ఎక్స్‌టర్నల్ నవ్వుతుంటే నవ్వకుండా ఉండటానికి భయపడ్డారు.

నా గురించి ఏమన్నా సహించేదాన్ని. ఆవిడ నన్ను నమ్మి, నలుగురిలో ఎప్పుడూ చెప్పుకోని మాట చెప్పింది. పెళ్లి పందిరిలో చేతులు దాచుకోవడం గురించి ఒక మనిషి నోరు విప్పితే, ఆవిడ లేని గదిలో దాన్ని నవ్వులాటకు వాడుకున్నారు. ఆ కాగితం మీద పేరు లేకపోవడం ఒక్కటే ఆ రోజు నాకు దక్కిన ఊరట.

నేను హాల్ సిద్ధాంతం చెప్పడం మొదలుపెట్టాను. ‘సిద్ధాంతం సరే, శాతాలేవి? ‘పై’ (pie) చార్టు లేని సర్వే ఏమిటి?’ అని అడ్డుకున్నారు. ఇది సర్వే కాదని, ఒక గదిలో కూర్చున్న కొద్దిమంది మాటలను శాతాలుగా మారిస్తే అది లెక్కలా కనిపించే అబద్ధం అవుతుందని, ఎవరు ఎందుకు అలా అర్థం చేసుకున్నారన్నదే ఇక్కడ విషయమని చెప్పాను. ఆయన షీటు మీద ఏదో రాసుకున్నారు. మా మేడమ్ కల్పించుకోబోతే చేయి ఎత్తి ఆపారు.

తర్వాత యాస దగ్గరకు వచ్చారు. ట్రైలర్ చివర్లో అత్తగారు రెండు వాక్యాలు మాట్లాడుతుంది, మా ప్రాంతపు మాటలోనే. ‘ఈ యాస పనిమనిషి పాత్రకు పెడతారు, అత్తగారికి కాదు’ అన్నారు. నిజమే, అలాగే పెడతారు. ప్రాజెక్టు నమూనాలోని మొదటి ప్రశ్న అడిగింది అదే కదా, ఒరవడిని ఎక్కడ కాదన్నారని. మేము కాదన్నది అక్కడే. ఇంగ్లండులో ‘కరోనేషన్ స్ట్రీట్’ అనే సీరియల్ 1960 డిసెంబరులో మొదలై ఇప్పటికీ నడుస్తోందని, ఉత్తర ఇంగ్లండులో కూలినాలి చేసుకునే వాళ్ల వీధిని, వాళ్ల మాటనే అది తెర మీదకు తెచ్చిందని చెప్పాను. ‘అది ఇంగ్లండమ్మా’ అన్నారు. ఆ మాటకు జవాబు ఎక్కడి నుంచి తేవాలి?

చివరికి ఆయన తేల్చింది ఏమిటంటే, మా ట్రైలర్ సీరియల్‌లా లేదట. ఉరుము చప్పుడు లేదు, ఒకే ముఖాన్ని మూడు సార్లు దగ్గరకు లాగి చూపించలేదు, పెద్ద మేడలో అత్తగారు మెట్లు దిగలేదు. సీరియల్ తీసినందుకు మొదట చిన్నచూపు చూసిన మనిషే, అది సీరియల్‌లా లేదని చివర్లో మార్కులు తగ్గించారు. ఈ రెండింటిలో ఏదో ఒకటే నేరం కావాలి కదా.

సీరియల్ అంటే ఇంత తేలికభావం ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. 1930లలో అమెరికా రేడియోలో సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టి ఈ ధారావాహికలను నడిపించింది ఇంట్లో ఉండే ఆడవాళ్ల కోసమే. ఆ రోజు నుంచీ ఈ ప్రక్రియకు అసలు శ్రోతలు, ప్రేక్షకులు వాళ్లే. మన దేశంలో 1984లో దూరదర్శన్ ‘హమ్ లోగ్’ మొదలుపెట్టినప్పుడు కుటుంబ నియంత్రణ, ఆడవాళ్ల స్థితి వంటి విషయాలు కథలో చెప్పాలనే ఉద్దేశంతోనే మొదలుపెట్టారు. ఎపిసోడ్ చివర్లో హిందీ నటుడు అశోక్ కుమార్ వచ్చి ప్రేక్షకులతో మాట్లాడేవారు, జనం కుప్పలుగా ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలను పరిశోధకులు కూర్చుని చదివారు. ఎవరూ యాస పెట్టి చదివి నవ్వలేదు. రోజూ సాయంత్రమంతా సీరియళ్లు చూసే మనిషికి ఏ షాట్ ఎందుకు పెట్టారో, ఏ పాత్ర రేపు ఏమి చేస్తుందో పట్టేసే నేర్పు ఉంటుంది. ఒక సీరియల్ ట్రైలర్ బాగుందో లేదో తేల్చే అర్హత ముందు వాళ్లది, ఆ తర్వాతే కుర్చీలో కూర్చున్నవాళ్లది.

ఫలితంలో మొత్తం మార్కులే చెప్పారు. పాసయ్యాం. తరగతిలో మావే తక్కువ. ఏ అంశానికి ఎన్ని ఇచ్చారో చూపించమంటే కార్యాలయంలో కుదరదన్నారు. దిద్దిన జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద విద్యార్థి చూసుకోవచ్చని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. వైవాకు జవాబు పత్రం ఉండదు, అక్కడ ఎవరు ఏమన్నా గాలిలో పోతుంది. మార్కులు వేసిన షీటు మాత్రం కాగితమే. మాది ప్రభుత్వ కళాశాల కాబట్టి ఆ షీటు నకలు ఇవ్వాలని, ప్రేక్షకుల స్పందనను శాతాల్లోనే చూపాలన్న నిబంధన ఎక్కడుందో తెలపాలని అడుగుతూ దరఖాస్తు పెట్టాను. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. నాతో చేసిన ముగ్గురిలో ఇద్దరు సంతకం పెట్టడానికి జంకారు. వాళ్లను తప్పు పట్టను, ఇంకా సెమిస్టరు పరీక్షలు ఉన్నాయి. మేడమ్ మాత్రం స్టాఫ్ రూములోనే, అందరూ ఉండగానే, ‘పెట్టు’ అన్నారు.

మీరు ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే మార్కుల విభజన రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, వైవా అయ్యాక ఎవరూ ఇవ్వరు. స్పీకర్లు మీవే తీసుకెళ్లండి. దరఖాస్తు పెట్టవలసి వస్తే రెండు ప్రతులు రాయండి, రెండోదాని మీద తేదీ వేయించుకుని ముద్ర కొట్టించుకోండి. రసీదు రేపు ఇస్తామంటారు, కదలకండి. నా ప్రతి మీద ముద్ర సగమే పడితే మళ్లీ కొట్టించుకునే బయటికి వచ్చాను.