అన్నవాహిక అతికిన తరువాతి బాల్యం

మా అమ్మాయి అన్నవాహిక మధ్యలో తెగి ఉన్న స్థితిలో పుట్టింది. వైద్యులు దీనిని ఈసోఫేజియల్ అట్రీసియా అంటారు. ఎక్కువమంది పిల్లల్లో అన్నవాహిక పైభాగం సంచిలా మూసుకుపోయి, కింది భాగం శ్వాసనాళానికి కలిసిపోయి ఉంటుంది. పాలు కడుపుకు చేరవు, ఊపిరితిత్తులకు ముప్పు తెస్తాయి. సుమారు 2,500 నుంచి 4,500 జననాలకు ఒకరికి ఈ లోపం వస్తుంది. 1941లో అమెరికాలోని మిషిగన్‌లో కామెరాన్ హైట్ అనే సర్జన్ ఆ రెండు కొనలనూ నేరుగా కలిపి తొలిసారి ఒక బిడ్డను బతికించారు. నేడు మంచి సదుపాయాలున్న ఆసుపత్రుల్లో, తీవ్రమైన గుండె లోపాల వంటివి తోడు కాకపోతే, అత్యధికులు బతుకుతున్నారు. బతికిన బిడ్డ రోజులు ఎలా గడుస్తున్నాయన్నదే ఇప్పుడు మాలాంటి తల్లిదండ్రుల ముందున్న ప్రశ్న.

కుట్లు వేసిన చోట మచ్చ బిగుసుకుని అన్నవాహిక ఇరుకైతే బెలూన్‌తో వెడల్పు చేయించాలి. కొందరికి ఇది పలుమార్లు అవసరమవుతుంది. పైగా ఆ గొట్టం ఆహారాన్ని కిందికి నెట్టే పని సరిగా చేయదు కనుక చపాతీ, బ్రెడ్, మాంసం ముక్క వంటివి మెత్తగా నమిలి, ముద్దముద్దకూ నీళ్లు తాగితేగాని దిగవు. ముద్దపప్పు అన్నం, పెరుగన్నం సులువుగా తినే మా అమ్మాయి విశాఖ బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ (మరమరాల మిక్చర్) తినాలంటే నీళ్ల సీసా చేతిలో ఉండాల్సిందే. అయినా ఇష్టంగా తింటుంది. వద్దని వారించడం కంటే పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా తిననివ్వడమే మేలని నా నమ్మకం.

నన్ను అడిగితే ఆమె కష్టాలలో తిండినే మొదట చెబుతాను. ఆమె మాత్రం దగ్గు అంటుంది. ఈ పిల్లలలో చాలామందికి శ్వాసనాళం మెత్తగా ఉండి, దగ్గినప్పుడు లోపలికి కుంగిపోతుంది. అందుకే ఆ దగ్గు కంచు మోగినట్టు ఉంటుంది, తరగతి మొత్తం వెనక్కి తిరిగి చూస్తుంది. అది అంటుకునే జబ్బేమోనని అనుమానించి, ఒక బడిలో తోటి పిల్లల తల్లిదండ్రులు ఆమెను వేరే బల్ల మీద కూర్చోబెట్టమని అడిగారు. కెమెరా గొట్టంతో అన్నవాహిక లోపల చూసే ఏ ఎండోస్కోపీ కన్నా ఎక్కువగా ఆ రోజే ఆమె ఏడ్చింది.

స్వీడన్, జర్మనీ పరిశోధకులు ఈ పిల్లల కోసమే జీవన నాణ్యత ప్రశ్నావళిని రూపొందించారు. అందులో 2 నుంచి 7 ఏళ్ల పిల్లల తరఫున తల్లిదండ్రులు జవాబిస్తారు. 8 నుంచి 17 ఏళ్ల పిల్లలైతే తామే స్వయంగా జవాబివ్వవచ్చు. ఈ ఏర్పాటు నాకు ఎంతో న్యాయంగా తోచింది. దీర్ఘకాలిక సమస్యలున్న పిల్లల జీవితాన్ని తల్లిదండ్రులు తరచుగా పిల్లలు చెప్పేదానికన్నా దిగులుగా అంచనా వేస్తారు. మా భయం కూడా ఆ అంచనాలో కలిసిపోతుంది కదా! మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు బరువు, న్యుమోనియా, మింగడం గురించి అడిగే వైద్యులు, బిడ్డ వైపు తిరిగి "నీకు ఏది ఎక్కువ ఇబ్బందిగా ఉందమ్మా?" అని కూడా అడిగితే బాగుంటుంది.

విశాఖలో ఉన్నవారం కాబట్టి మాకు ఆసుపత్రి దగ్గర. పాడేరు, అరకు, శ్రీకాకుళం వైపు నుంచి పసిబిడ్డలతో ఇక్కడి కింగ్ జార్జ్ ఆసుపత్రి(కేజీహెచ్)కి వచ్చే కుటుంబాలకు ప్రతి పరీక్షా ఒక ప్రయాణం, పోయిన కూలి, ఇంటి దగ్గర వదిలివచ్చిన మరో బిడ్డ. ఈ కుటుంబాల జీవన నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు బస్సు ఛార్జీని కూడా లెక్కలోకి తీసుకోవాలని నేను గట్టిగా అంటాను. ఎందుకంటే ఈ పరీక్షలు బాల్యంతో ముగిసేవి కావు. కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం వల్ల అన్నవాహిక దెబ్బతినవచ్చు కనుక పెద్దయ్యాక కూడా అప్పుడప్పుడు ఎండోస్కోపీ అవసరం. కుడి పక్కటెముకల మధ్య నుంచి ఆపరేషన్ జరిగిన పిల్లల్లో ఎదిగే వయసులో వెన్ను వంకర తిరుగుతోందేమో కూడా గమనించాలి.

ఇప్పుడు ఏటా బడి తెరిచే ముందే మేము తరగతి టీచరుకు ఒక కాగితం ఇస్తున్నాము: ఈ దగ్గు అంటుకోదు, పాఠం మధ్యలో నీళ్లు తాగనివ్వండి, భోజనానికి మరికొంత సమయం ఇవ్వండి, ముద్ద అడ్డుపడి ఉమ్మి కూడా మింగలేకపోతే వెంటనే మాకు ఫోను చేయండి. చివరి వాక్యం మా అమ్మాయే చేర్చింది: ఆటల పీరియడ్‌లో నన్ను పక్కన కూర్చోబెట్టకండి.